పాట ఒకటే, ఆస్తులు రెండు: యూట్యూబ్ చానెల్‌కి పాట రాసిచ్చే ముందు

మీ ప్రశ్నలో నాలుగు విషయాలు కలిసిపోయాయి, విడదీసి చెప్తాను. జానపద బాణీలో మీరు స్వరపరిచి, సొంత ఖర్చుతో రికార్డు చేసిన పాటకి ఒక చానెల్ వాళ్లు 40,000 రూపాయలిస్తామని, "అన్ని హక్కులూ శాశ్వతంగా మావే" అని ఒక పేజీ కాగితం పంపారు. రాసిన మిత్రుడికీ పాడిన అమ్మాయికీ ఎంతివ్వాలో ఇంకా తేలలేదు. ఐపీఆర్ఎస్‌లో (రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ) చేరాలా, స్పాటిఫై లాంటి వేదికలకి పాటలు చేరవేసే డిస్ట్రిబ్యూటర్ ద్వారా మీరే విడుదల చేసుకోవాలా అన్నది మూడోది. ఇలా పాటలు చేసుకుంటూ బతకొచ్చా అన్నది చివరిది.

అన్నిటికన్నా ముందు, ఈ వారం ఎక్కడా సంతకం పెట్టకండి. "రేపటికల్లా చెప్పాలి" అని తొందరపెట్టే చానెల్ దగ్గర ఆగి చదువుకోవాల్సిన కాగితమే ఉంటుంది.

మీరు చేసిన పాటలో రెండు ఆస్తులున్నాయి. సాహిత్యం, బాణీ కలిసి ఒకటి. స్టూడియోలో పుట్టిన రికార్డింగు, అంటే మాస్టర్, రెండోది. సాహిత్యం రాసినవాళ్లది, బాణీ కట్టినవాళ్లది. మాస్టర్ మాత్రం రికార్డింగుకి పూనుకుని, డబ్బూ బాధ్యతా భరించిన నిర్మాతది. ఇక్కడ ఆ నిర్మాత మీరే. పాడినవాళ్లకీ వాయించినవాళ్లకీ ప్రదర్శకుల హక్కు అని వేరేగా ఉంది. స్పాటిఫైలో పాట మోగితే ఈ రెండు ఆస్తుల మీదా వేర్వేరు దారుల్లో డబ్బు కదులుతుంది. మాస్టర్ డబ్బు డిస్ట్రిబ్యూటర్ దారిలో వస్తుంది, సాహిత్యం-బాణీ డబ్బు ఐపీఆర్ఎస్ లాంటి సొసైటీ దారిలో వస్తుంది. మనవాళ్లలో చాలామంది మొదటి దారి ఒక్కటే తెరిచి, రెండోది ఉందని కూడా తెలియకుండా ఏళ్లు గడిపేస్తారు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ మీకు పెద్ద అండ. 18వ సెక్షన్ ప్రకారం పాట రచయితా స్వరకర్తా తమ హక్కుల్ని రాసిచ్చేసినా, రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కుని మాత్రం వదులుకోలేరు. వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. సినిమా పాటైతే థియేటర్లో సినిమాతోపాటు వినిపించినదానికి ఈ వాటా రాదు. మీది సినిమా పాట కాదు గనుక ఆ మినహాయింపు మీకు వర్తించదు. కాబట్టి కాగితంలో "రచయిత, స్వరకర్త భవిష్యత్తులో ఎలాంటి రాయల్టీ అడగరాదు" అన్న వాక్యం కనబడితే కొట్టేయమని నిర్మొహమాటంగా చెప్పండి. చాలా చానెళ్లు ఎక్కడి నుంచో దించుకున్న పాత నమూనానే పంపుతుంటాయి, అడిగితే తీసేస్తాయి.

అయితే ఈ రక్షణ సాహిత్యానికీ బాణీకే గానీ మాస్టర్‌కి లేదు. మాస్టర్‌ని శాశ్వతంగా రాసిస్తే అది పోయినట్టే. 19వ సెక్షన్‌లో ఇంకో సంగతుంది. ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేనని అర్థం చేసుకోవాలి. మీకు పంపిన కాగితంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాసే ఉంది కాబట్టి ఆ సెక్షన్ మీకు అక్కరకు రాదు. బేరం ఆడాల్సింది సరిగ్గా ఆ రెండు మాటల మీదే.

మీరు తిరిగి పంపాల్సిన క్లాజు దాదాపు ఇలా ఉండాలి:

"ఈ పాట వీడియోను తమ యూట్యూబ్ చానెల్‌లో ప్రదర్శించేందుకు 5 సంవత్సరాల పాటు చానెల్‌కు అనుమతి ఇస్తున్నాను. మాస్టర్ యాజమాన్యం నాదే. ఇతర ఆడియో వేదికలు, రింగ్‌టోన్లు, రీమిక్స్, డీజే వెర్షన్, డబ్బింగ్, సినిమా లేదా ప్రకటనల్లో వాడకం ఇందులో లేవు. యూట్యూబ్‌లో పాటను ఎవరు వాడినా పట్టుకునే కంటెంట్ ఐడీ వ్యవస్థలో ఈ పాటను చానెల్ నమోదు చేయరాదు. వివరణలో మొదటి మూడు లైన్లలో రచయిత, స్వరకర్త, గాయని పేర్లు ఉండాలి. గాయని గొంతును కృత్రిమ మేధ శిక్షణకు గానీ, గొంతు నకలు తయారీకి గానీ వాడరాదు."

చివరి వాక్యం అతి జాగ్రత్తేమీ కాదు. గొంతు నకళ్ల మీద గాయకుడు అరిజిత్ సింగ్ బొంబాయి హైకోర్టుకి వెళ్తే 2024లో ఆయనకి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. పేరున్నవాళ్లకి కోర్టు మెట్లెక్కే స్తోమత ఉంటుంది, కొత్తగా పాడేవాళ్లకి కాగితమే దిక్కు. డీజే వెర్షన్ మాట కూడా వదలకండి. తెలంగాణ జానపద పాటల్లో అసలు పాటకన్నా డీజే రీమిక్సే ఎక్కువ మోగిన సందర్భాలున్నాయి.

40,000 న్యాయమైన ధరేనా? మీ ఖర్చు లెక్కేసుకోండి. స్టూడియో, ఫ్లూటు, డప్పు, మిక్సింగ్, మాస్టరింగ్ కలిపి 36,000 అయిందనుకుంటే మిగిలేది 4,000. అది ముగ్గురికి, శాశ్వతంగా. చానెల్ వాళ్లు తమ అతి పెద్ద హిట్టు చూపించి మిమ్మల్ని ఒప్పిస్తారు, ఆ ఒక్క అంకె చూడకండి. వాళ్లు వదిలిన చివరి 10 పాటల్ని వ్యూస్ వరుసలో పేర్చి మధ్యలో వచ్చేదాన్ని చూడండి. మీ పాటకి దక్కే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ సంఖ్యే. నేనైతే ఈ లెక్కతో శాశ్వత హక్కులకి ఒప్పుకోను. 5 ఏళ్ల వీడియో అనుమతికి 25,000 ఇచ్చినా, శాశ్వతానికిచ్చే 40,000 కన్నా అదే మేలు.

మొత్తంగా అమ్మేయడం ఎప్పుడూ తప్పని కాదు. ఎన్నికల పాట, షాపు ప్రారంభోత్సవం జింగిల్, ఎవరో భక్తులు తమ ఊరి గుడి కోసం చేయించుకునే పాట, ఇలాంటివాటిని ఏడాది తర్వాత ఎవరూ వినరు. అక్కడ మాస్టర్ మొత్తంగా ఇచ్చేసి, డబ్బు ముందే పూర్తిగా తీసుకోవడమే తెలివైన పని.

మిత్రుడి వాటా, గాయని వాటా దగ్గరే ఇళ్లూ స్నేహాలూ చెడేది, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. పాట విడుదల కాకముందే ఒక పేజీ స్ప్లిట్ షీట్, అంటే వాటాల కాగితం, రాసుకోండి. విడుదలై నాలుగు లక్షల వ్యూస్ దాటాక ఎవరికి వారికి తమ వల్లే ఆడిందనిపిస్తుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. షీట్‌లో పాట పేరు, తేదీ, ఒక్కొక్కరి పాన్ కార్డులోని పేరు, పాటల మీద వేసుకునే పేరు, చేసిన పని, సొసైటీలో ఉంటే ఐపీఐ అనే గుర్తింపు నంబరు, ఆ తర్వాత రెండు వేర్వేరు శాతాల గళ్లు ఉండాలి. ఒక గడి సాహిత్యం-బాణీకి, రెండోది మాస్టర్‌కి. రెండిటినీ ఒకే శాతంగా కలిపి రాయడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

మీ పాటకి నేను సూచించేది ఇదీ. సాహిత్యం-బాణీలో రచయితకి 50, మీకు 50. కంప్యూటర్లో వాద్యాల ప్రోగ్రామింగ్ చేసినతను పల్లవి ముందొచ్చే బిట్టు కట్టానంటూ వాటా అడిగితే, ఆ బిట్టు పాట గుర్తుండిపోయేంత ముఖ్యమైందైతే 45, 45, 10 చేయండి, లేకపోతే పనికి డబ్బిచ్చి రసీదు తీసుకోండి. మాస్టర్ యాజమాన్యం 100 మీదే ఉంచుకుని, ఖర్చు 36,000 తిరిగొచ్చాక మిగిలే ఆదాయంలో గాయనికి 15 నుంచి 20 శాతం, రచయితకి 10 శాతం ఇస్తానని రాయండి. యాజమాన్యాన్ని ముక్కలు చేయకపోవడానికి కారణముంది. రేపు ఎవరైనా పాటని సినిమాకి అడిగితే మాస్టర్ యజమానులందరి సంతకాలూ కావాలి. వాళ్లలో ఒకరు దుబాయిలో ఉండి ఫోనెత్తకపోతే ఆ అవకాశం అక్కడితో సరి. ఆదాయాన్ని ఎంతమందికైనా పంచొచ్చు, సంతకం మాత్రం ఒక్కరి చేతిలో ఉండటం మంచిది.

మీరు "బాణీ కొంత మా ఊరి పాటదే" అని మధ్యలో అన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎవరు కట్టారో తెలియని, తరాలుగా పాడుకుంటున్న బతుకమ్మ పాటో నాట్ల పాటో అయితే ఎవరైనా వాడుకోవచ్చు, కానీ అప్పుడు మిమ్మల్ని "స్వరకర్త" అని కాక "సేకరణ, సంగీత నిర్వహణ" అని వేసుకోండి. సొసైటీలో కూడా సంప్రదాయ పాటకి అమరిక చేసినట్టే నమోదు చేయాలి. పల్లవి ఊరిది, చరణాలు మిత్రుడివైతే ఆ సంగతే రాయండి. లేదంటే అదే పల్లవితో వచ్చిన ఇంకో పది పాటలవాళ్లతో గొడవ మొదలవుతుంది. ఇక ఫలానా కళాకారుడు పాతికేళ్ల కింద కట్టి క్యాసెట్ల ద్వారా ఊరూరా పాకిన పాటని కూడా జనం జానపదమే అనుకుంటారు. అది జానపదం కాదు, అనుమతి కావాలి.

భక్తి పాటల వైపు వెళ్లేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. అన్నమయ్య పదాలు 15వ శతాబ్దానివి, సాహిత్యం మీద కాపీరైట్ లేదు. రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు 20వ శతాబ్దంలో కట్టినవి. బాణీ మీద కాపీరైట్ కట్టినవారు పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. రాళ్లపల్లివారు 1979లో పోయారు, అంటే ఆయన బాణీలు 2039 చివరి దాకా రక్షణలోనే ఉంటాయి. "అన్నమయ్యది కదా, ఎవరిదీ కాదు" అని కవర్ (ఉన్న పాటనే మళ్లీ పాడి చేసే రికార్డింగు) వదిలితే "బాణీ మాది" అని క్లెయిము పడటానికి ఇదే కారణం. త్యాగరాజ కీర్తనకి ఈ చిక్కు లేదు, బాణీ కూడా ఆయనదే.

సినిమా పాటల కవర్ల గురించి కూడా ఒక మాట. 31సి సెక్షన్ కింద చట్టబద్ధమైన లైసెన్సు ఉంది గానీ, మొదటి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక 5 క్యాలెండరు ఏళ్లు గడవాలి, 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. ఇంట్లో గిటారుతో పాడుకునేవాళ్లకి పనికొచ్చే దారి కాదిది. ఆచరణలో కవర్ పెడితే యూట్యూబ్ ఆదాయం కంపెనీకి పోతుంది, మీకు పేరు మిగులుతుంది. అది తెలిసి పెడితే తప్పేం లేదు.

ఐపీఆర్ఎస్‌లో చేరాలి, మీరూ రచయితా ఇద్దరూ. 1969లో పుట్టిన సంస్థ, 2017లో కాపీరైట్ సొసైటీగా మళ్లీ నమోదైంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పాన్, ఆధార్, బ్యాంకు రుజువు, పాటల వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. చేరడం సగం పనే. ప్రతి పాటనీ విడిగా నమోదు చేయాలి, ఇద్దరూ ఒకే శాతాలు రాయాలి. మీరు 50 అని, అతను 60 అని రాస్తే ఆ పాట డబ్బు వివాదం కింద ఆగిపోతుంది. కొన్ని డిస్ట్రిబ్యూటర్లు "పబ్లిషింగ్ (సాహిత్యం-బాణీ రాయల్టీ) కూడా మేమే చూస్తాం" అని అదనపు సేవ అమ్ముతాయి. ఐపీఆర్ఎస్‌లో ఉన్నవాళ్లు దాన్ని టిక్కు పెడితే ఒకే పాటకి ఇద్దరు వసూలుదారులై ఇదే చిక్కు వస్తుంది. గాయనిని ఇసామ్రా (ISAMRA) వైపు పంపండి, గాయకుల, వాద్యకారుల ప్రదర్శన హక్కుల సొసైటీ అది.

డిస్ట్రిబ్యూటర్ల ధరల పద్ధతి రెండు రకాలు. డిస్ట్రోకిడ్ లాంటివి ఏటా చందా తీసుకుంటాయి, చందా ఆగితే పాట దిగిపోవచ్చు. సీడీ బేబీ లాంటివి ఏటా చందా లేకుండా ఆదాయంలో 9 శాతం ఉంచుకుంటాయి. ఏడాదికి పది పాటలు చేసేవాళ్లకి మొదటిది, రెండు చేసేవాళ్లకి రెండోది నప్పుతుంది. స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటకపోతే మాస్టర్ రాయల్టీ లెక్కలోకే రాదని 2024 నుంచి నియమం. స్ట్రీములు అమ్ముతామని మెసేజ్ పెట్టేవాళ్ల జోలికి పోవద్దు. బాట్ల స్ట్రీములు దొరికితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటరుకి జరిమానా వేస్తుంది, వాళ్లు మీ ఖాతానే మూసేస్తారు.

విడుదల తేదీకి కనీసం నాలుగు వారాల ముందు ఫైళ్లు ఎక్కించండి. ప్లేలిస్టు ఎడిటర్లకి పాట పంపడానికి 7 రోజులే గడువని స్పాటిఫై చెప్తుంది గానీ, డిస్ట్రిబ్యూటరు దగ్గరే పాట వారం నలిగిన రోజులుంటాయి. భాష గడిలో "తెలుగు" ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూడండి. అది "హిందీ" అని ఉంటే పాట వేరే ఎడిటర్ల బల్ల మీదికి పోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో పాట పేరు ఎలా రాస్తారో ఒక్కసారి తేల్చుకుని అన్ని చోట్లా అదే వాడండి. "చెరువుగట్టు" ఒక చోట ఒకే మాటగా, ఇంకో చోట రెండు మాటలుగా పడితే సొసైటీ లెక్కల్లో అవి రెండు పాటలు. 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ రికార్డింగుకి ఆధార్ నంబరు లాంటిది. డిస్ట్రిబ్యూటర్ మారినా అదే కోడ్ ఇవ్వండి, లేకపోతే పాత స్ట్రీముల లెక్క కొత్త పాటకి రాదు.

కంటెంట్ ఐడీ గురించి ఒక్క హెచ్చరిక. పాటలో కొనుక్కున్న లూపు (తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ ముక్క) ఉంటే, అందరికీ అమ్మే బీటు ఉంటే కంటెంట్ ఐడీ ఆన్ చేయకండి. అదే లూపు వాడిన ఇంకొకరి పాట మీద మీ పేరుతో క్లెయిము పడుతుంది, తిరిగి మీ మీద ఫిర్యాదు వస్తుంది. లూపులు లేకుండా అంతా మీరే వాయించినదైతే ఆన్ చేయండి, కానీ ముందు మీ చానెల్‌నీ, అనుమతిచ్చిన చానెల్‌నీ మినహాయింపు జాబితాలో పెట్టించండి. అది మరిచిపోతే విడుదల రోజే ఆ చానెల్ ఆదాయం మీ డిస్ట్రిబ్యూటర్ ఖాతాలోకి మళ్లుతుంది, మర్నాడు పొద్దున్నే మీకు ఫోనొస్తుంది.

పాటల మీదే బతకొచ్చా అంటే, మొదటి రెండు మూడేళ్లు స్ట్రీముల మీద బతకలేరు. రాయల్టీలు నెలలు ఆలస్యంగా, చిన్న మొత్తాల్లో వస్తాయి. ఇంటి ఖర్చు వేరే చోట నుంచి రావాలి. కీబోర్డు చేతిలో ఉన్నవాళ్లకి నమ్మకంగా నడిచేవి రెండు: ఇంటి నుంచి సెషన్ పని (ఇతరుల పాటలకి వాయించి ఫైళ్లు పంపడం), ఆన్‌లైన్ క్లాసులు.

సెషన్ పనిలో వాయించడం ఎంత ముఖ్యమో ఫైళ్లు పంపడం అంత ముఖ్యం. చెవిలో లయ చెప్పే క్లిక్‌కి అతుక్కుని వాయించడం ఇందులో ప్రవేశ పరీక్ష. సినిమా పని 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో నడుస్తుంది. 48లో రికార్డు చేసిన ఫైలుని అవతలివాళ్ల సాఫ్ట్‌వేర్ మార్చుకోకుండా 44.1గా చదివితే పాట నెమ్మదిస్తుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ దిగుతుంది. వాళ్లు దాన్ని మీ తప్పే అనుకుంటారు. ఫైళ్లు 24 బిట్ వేవ్‌లో ఉండాలి, ప్రతి ట్రాకూ సున్నా నుంచి మొదలవ్వాలి, ఎఫెక్టులతో ఒకటి, లేకుండా ఒకటి పంపాలి. ఫైలు పేరులోనే టెంపో, శ్రుతి, వెర్షను రాయండి. "ఫైనల్ ఫైనల్ 2" అనే పేరు చూడగానే మిక్సింగ్ ఇంజినీరుకి మీ మీద సగం నమ్మకం పోతుంది. మిక్సులు పంపే స్థాయికొస్తే పాటతోపాటే గొంతు లేని వెర్షను కూడా తీసి ఉంచుకోండి. స్టేజీ మీద, ప్రకటనలకి అదే అడుగుతారు, ఏడాది తర్వాత ప్రాజెక్టు తెరిస్తే ప్లగిన్లు సగం తెరుచుకోవు.

క్లాసుల్లో అమెరికా తెలుగు పిల్లలే ఎక్కువ. డాలస్ శనివారం పొద్దున 8 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30, నవంబరులో వాళ్ల గడియారం మారాక 7:30. ఆ వారం ముందే మెసేజ్ పెట్టకపోతే సగం మంది రారు. జూమ్‌లో సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయకపోతే తంబూరాని అది రొదగా భావించి కోసేస్తుంది. ఆలస్యం వల్ల ఇద్దరూ కలిసి పాడటం కుదరదు, కాబట్టి పాఠం పిలుపు-బదులు పద్ధతిలోనే కట్టుకోండి. నాలుగు పాఠాల ఫీజు ముందే తీసుకోండి.

పన్నుల్లో మీకు తగిలేది ఒకటుంది. యూట్యూబ్ డబ్బు చెల్లించే యాడ్‌సెన్స్‌లో అమెరికా పన్ను ఫారం నింపకపోతే మొత్తం యూట్యూబ్ ఆదాయంలో 24 శాతం దాకా కోసేయొచ్చు. పాన్‌తో నింపి భారత్-అమెరికా ఒప్పందం ఎంచుకుంటే 15 శాతం, అదీ అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన భాగం మీదే. ప్రవాసులు వినే తెలుగు పాటలకి ఈ తేడా చిన్నది కాదు. కట్టిన ఆ పన్నుకి ఇక్కడ రిటర్నులో క్రెడిట్ అడగొచ్చు. ఇక్కడి కంపెనీలు రాయల్టీలో 10 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి, మీ ఆదాయం తక్కువైతే రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. జీఎస్టీ నమోదు సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే. సంగీత కంపెనీకి కాపీరైట్ రాసిచ్చిన లావాదేవీలో జీఎస్టీ కట్టే బాధ్యత మామూలుగా ఆ కంపెనీదే, "జీఎస్టీ నంబరు లేకపోతే డబ్బివ్వం" అంటే రివర్స్ చార్జ్ అన్న మాట గుర్తుచేయండి.

చానెల్ వాళ్లు పై క్లాజుకి ఏమన్నారో, కాగితంలో పేర్లూ మొత్తాలూ చెరిపేసి ఇక్కడ పెట్టండి, లైను లైనుగా చూద్దాం.